నాడీకణం, గ్రేడ్ త్రీ

ఆ ఏడాది ఆడిట్ వారు లేవనెత్తిన అభ్యంతరాల్లో అన్నిటికన్నా చిన్నది పద్నాలుగోది, చేప నూనె గురించి. మిగతావన్నీ పేజీలకు పేజీలు సాగాయి గానీ దీనికి రెండే ముక్కలు ఖర్చు పెట్టారు. "చేప నూనె. తిన్నదెవరు?"

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో, సముద్రం కనిపించే కొండ వాలు మీద ఉంది ఆ నాడీ పరిశోధన సంస్థ. దాని పూర్తి పేరు బోర్డు మీద పట్టక సగం గోడ మీద రాశారు. అందులో పరిశోధన చేసేవాళ్ళు ఓ డజను మంది ఉంటారు. వాళ్ళు చేయకుండా చూసుకోవడానికి పరిపాలనా విభాగం రెండంతస్తుల్లో పనిచేస్తుంది. లిఫ్టు ఉంది గానీ దాని తలుపు పై అంతస్తులోనే, కింద నుంచి ఎక్కడానికి లేదు.

చేప నూనె కొన్నది డాక్టర్ కూర్మనాథం. ఆయన పేరుకు తగ్గ మనిషి. దేనికీ తొందరపడడు, పట్టింది వదలడు, ఎవరైనా కాస్త గొంతు పెంచితే మెడ భుజాల్లోకి లాగేసుకుంటాడు. శ్రీకాకుళంలో వాళ్ళమ్మ కూర్మనాథస్వామికి మొక్కుకుని కన్నదట. మొక్కు మరీ పూర్తిగా ఫలించిందని ఆయన భార్య అంటూ ఉంటుంది.

ఆయన మూలకణాల మీద పనిచేస్తాడు. మూలకణం అంటే ఇంకా ఏమీ కాని కణం. ఇంటర్ పాసై, ఏ కోర్సులో చేరాలో తేలక ఇంట్లో కూర్చున్న కుర్రాడిలా అన్నమాట. దానికి ఏం పెడితే ఏమవుతుందో చూడటం ఆయన పని. అందుకని మూడు గాజు గిన్నెల్లో కణాలు పెంచుతున్నాడు. మొదటి గిన్నెకి మామూలు మేత. రెండో గిన్నెకి మేతతో పాటు చేప నూనెలోంచి తీసిన కొవ్వు ఆమ్లం. మూడో గిన్నెకి పామాయిల్లో ఉండే గట్టి రకం కొవ్వు ఆమ్లం. మామూలు గిన్నెలో అక్కడొకటి ఇక్కడొకటి నాడీకణంగా మారేవి, మిగతావి ఎక్కడి గొంగళి అక్కడే. పామాయిల్ గిన్నెలోవి ముడుచుకుని కూర్చునేవి. చేప నూనె తిన్నవి మాత్రం చకచకా నాడీకణాలైపోయి, సన్నటి పోగులు చాచుకుంటూ, పక్క కణం ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళి ముట్టుకునేవి. అలా ముట్టుకోవడం చూసిన రోజున కూర్మనాథం ఇంటికెళ్ళి భార్యతో మామూలు కన్నా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడేవాడు.

ఈ కణాలకి మేత మార్చి, గిన్నెలు కడిగి, ఇన్‌క్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో జాగ్రత్త చేసే అటెండరు ఎర్రన్న మూడేళ్ళ క్రితం జ్వరంతో పోయాడు. ఆ ఉద్యోగం కారుణ్య నియామకం కింద తనకి ఇప్పించమని అతని భార్య కాసులమ్మ అర్జీ పెట్టుకుంది. అప్పటి నుంచి ప్రతి ఉదయం పెదజాలరిపేట నుంచి మొదటి బస్సెక్కి వచ్చి, కూర్మనాథం ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చుంటుంది. ఇంట్లో చదువుకునే ఆడపిల్లలు ఇద్దరు. ఈ ఉద్యోగం వస్తే వాళ్ళ చదువు సాగుతుంది, రాకపోతే మానేసి రొయ్యల షెడ్డులో పనికి పోతారు. కూర్మనాథానికీ ఆ ఉద్యోగం ఆవిడకే రావాలని ఉంది. ఒక్కడే మేతలు మార్చుకోలేక నానా తిప్పలూ పడుతున్నాడు.

కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. ఆ పూజారి పేరు శేషావతారం. సంస్థ పరిపాలనాధికారి. నిబంధనల పుస్తకం ఆయనకి నోటికొచ్చు, దాన్ని రాసినవాళ్ళ మనసు మాత్రం రాదు.

"చూడమ్మా," అన్నాడాయన ఒకసారి కాసులమ్మతో, చాలా ఓపికగా. "అటెండర్ల కేడర్లో మంజూరైన పోస్టులు నాలుగు. కారుణ్య కోటా అయిదు శాతం. నాలుగులో అయిదు శాతం అంటే సున్నా పాయింట్ రెండు. అనగా మా దగ్గర ఒక పోస్టులో అయిదో వంతు ఖాళీగా ఉన్నది. మీరేమో మనిషి మొత్తంగా వచ్చారు. అయిదో వంతు ఖాళీలో పూర్తి మనిషిని ఎలా నియమించగలం?"

"అయితే నానేటి ముక్కలు కోసుకు రానా బాబూ?"

"అటువంటి వెసులుబాటు ప్రస్తుత నిబంధనలలో లేదమ్మా," అన్నాడు శేషావతారం, నిజంగానే విచారిస్తూ.

ఇదీ పరిస్థితి. ఇంతలో ఆడిట్ వచ్చింది.

ఆడిటర్ గారు సన్నగా, చల్లగా ఉన్న మనిషి. కూర్మనాథాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగారు. "తినుబండారాలను మూడు పద్దుల కిందే కొనడానికి వీలున్నది. ఒకటి సిబ్బంది క్యాంటీను. రెండు అతిథి గృహం. మూడు ప్రయోగ జంతువులు. మీవి జంతువులా?"

"కావండీ. కణాలు."

"అతిథులా?"

"ఇక్కడే పెరుగుతున్నాయండీ."

"మరి తిన్నదెవరు?"

"కణాలేనండీ."

"కణాలు ఎక్కడ ఉంటాయి? మనుషుల్లో ఉంటాయి. అంటే ఒక మనిషి తిన్నట్టు. ఆ మనిషి పేరు, హోదా రాసివ్వండి. లేదా ఆ చేప నూనె మీరే తాగినట్టు భావించి వసూలుకు సిఫారసు చేస్తాను."

కూర్మనాథం మెడ లోపలికి వెళ్ళిపోయింది. ఆయనకి చేప వాసన పడదు.

అప్పుడు ఆదుకున్నది శేషావతారమే. మధ్యాహ్నం తన గదిలోకి పిలిచి, తలుపు వేసి, నిబంధనల పుస్తకం మీద అరచెయ్యి పెట్టి చెప్పాడు. "డాక్టరు గారూ, సమస్య కణాలది కాదు, పద్దుది. క్యాంటీను పద్దు కింద తినాలంటే తినేవారు సిబ్బంది అయి ఉండాలి. అంతే కదా? కణాలను సిబ్బందిలో చేర్చేద్దాం. అప్రెంటిస్ హోదా ఇద్దాం. అభ్యంతరం పద్నాలుగు అక్కడితో పరిష్కారం."

"కణాలని ఉద్యోగంలోకి ఎలా తీసుకుంటామండీ?"

"నిబంధనల్లో 'ఉద్యోగి అనగా సంస్థ ప్రాంగణంలో సజీవంగా ఉండి, సంస్థ పని నిర్వర్తించునది' అని ఉన్నది. 'మనిషి' అని ఎక్కడా లేదు. మా సెక్షన్లో ఇద్దరి విషయంలో మొదటి షరతు గురించే మాకు అనుమానం. మీ కణాలు రెండూ నెరవేరుస్తున్నాయి." గొంతు తగ్గించాడు. "మీరు సంతకం పెడితే, ఆ కాసులమ్మ ఫైలు కూడా ఓసారి సానుభూతితో తిరగేస్తాను."

ఆ చివరి మాట కోసం కూర్మనాథం సంతకం పెట్టాడు.

మర్నాడే ఉత్తర్వులు వచ్చాయి. ఇందుమూలముగా మూడు గిన్నెలలోని మూలకణములు, గిన్నెకు రెండు లక్షల చొప్పున ఆరు లక్షలు, అప్రెంటిస్‌లుగా నియమింపబడినవి. కంప్యూటర్లో అటెండరు స్కేలు కన్నా కింద స్కేలు లేనందున అదే స్కేలు ఇవ్వడమైనది. బ్యాంకు ఖాతా తెరిచేంత వరకూ జీతం నిలుపుదల చేయడమైనది. డాక్టర్ కూర్మనాథం వీటి పై అధికారిగా వ్యవహరించవలెను.

ఆడిటర్ గారు అది చదివి తృప్తిగా తలాడించి, టీ తాగి వెళ్ళిపోయారు. కథ అక్కడితో అయిపోయి ఉంటే ఎంతో బాగుండేది. కానీ సిబ్బందిలో చేరడం తేలికే, చేరాక సిబ్బందిగా బతకడమే కష్టం. ఆ సంగతి కణాలకి త్వరలోనే తెలిసొచ్చింది.

మొదట హాజరు దగ్గర వచ్చింది పేచీ. వేలిముద్ర వేయడానికి వాటికి వేలు లేదు. మైక్రోస్కోపు కింద ముఖ గుర్తింపు పెట్టి చూశారు. యంత్రం అందరిదీ ఒకే ముఖం అని తేల్చి, ఒకే అభ్యర్థి ఆరు లక్షల ఉద్యోగాలు చేస్తున్నట్టు ఫిర్యాదు నమోదు చేసింది. ఆ తర్వాత లెక్క తప్పింది. కణం తన పని తాను చేసుకుంటూ మధ్యమధ్యలో రెండుగా విడిపోతుంది కదా, ఉదయం ఉన్న సంఖ్య సాయంత్రానికి పెరిగింది.

"నోటిఫికేషన్ లేకుండా కొత్త నియామకాలా?" అన్నాడు శేషావతారం గుండె పట్టుకుని.

"పుట్టాయండీ."

"ప్రసూతి సెలవు పెట్టాయా?"

ఇకపై ముందస్తు అనుమతి లేనిదే ఏ కణమూ విభజన చెందరాదని సర్క్యులర్ జారీ అయింది. దాన్ని గిన్నె మూత లోపలి వైపు అతికించారు, కణాలకు కనబడాలని.

బయట బెంచీ మీద కాసులమ్మ ఇదంతా వింటూనే ఉంది. కూర్మనాథం టీకి బయటికొచ్చినప్పుడు అడిగింది. "ఆటికి ఉద్యోగాలు ఇచ్చీసినారటగా బాబూ?"

"ఇచ్చారమ్మా."

"అర్జీ ఎట్టుకున్నాయేటి?"

"లేదమ్మా."

"పోన్లెండి. ఎవులికో ఒకలికి వచ్చినాది," అంది కాసులమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే కూర్మనాథం టీ తాగకుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

అసలు గొడవ రెండో గిన్నెతో మొదలైంది. చేప నూనె తిన్న కణాలు వాటి పద్ధతిలో అవి నాడీకణాలైపోయాయి. శేషావతారం తనిఖీకి వచ్చి మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు చూశాడు.

"వీరు అప్రెంటిస్‌లు కదా?"

"ఇప్పుడు నాడీకణాలయ్యాయండీ."

"ఏ పదోన్నతి కమిటీ సిఫారసు మీద?"

"నూనె వల్లనండీ."

శేషావతారం కన్ను తీసి కూర్మనాథం వైపు తిరిగాడు. ఉద్యోగ జీవితంలో ఇంతటి నేరాన్ని ఒకే వాక్యంలో ఒప్పేసుకున్నవాణ్ణి ఆయన చూడలేదు. మళ్ళీ కన్ను పెట్టాడు. "ఆ పోగులేమిటి?"

"అవి పక్క కణాన్ని వెతుక్కుంటూ వెళ్తాయండీ. తగిలాక ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి. మెదడంటే అదే కదండీ."

"నేరుగానా? ప్రాపర్ ఛానల్ లేకుండా?"

ఆ సాయంత్రానికి రెండు లక్షల మెమోలు తయారయ్యాయి. పై అధికారి ద్వారా కాక తోటి కణంతో నేరుగా సంప్రదింపులు జరిపినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో వారం లోగా సంజాయిషీ ఇవ్వవలెను.

ఇక్కడ గోరుచుట్టు మీద రోకటి పోటులా యూనియన్ నాయకుడు దాలినాయుడు దిగాడు. దాలినాయుడిది మంచి గొంతు. మైకు ఇస్తే అలవాటు కొద్దీ తీసుకుంటాడు గానీ దానితో ఆయనకి పనిలేదు. గేటు ముందు టెంటు వేయించి, మొదటి గిన్నె తరఫున నిలబడ్డాడు.

"ఇదెక్కడి న్యాయమండీ? ఒకే రోజున చేరినారు, ఒకే ఉత్తర్వు మీద చేరినారు. ఒక గిన్నెకి చేప నూనె, ఇంకో గిన్నెకి పామాయిలు, మా మొదటి గిన్నెకి ఒట్టి మేతా? చేప నూనె తిన్నోళ్ళకి ప్రమోషను, పామాయిలు తిన్నోళ్ళని మూల కూర్సోబెట్టడం! మొదటి గిన్నెకి న్యాయం జరిగేదాకా ఈ టెంటు లెగదు!"

కూర్మనాథం టెంటు దగ్గరికి వెళ్ళి నచ్చజెప్పబోయాడు. "నాయుడుగారూ, పోల్చి చూడటానికి ఒక గిన్నెకి ఏమీ వేయకుండా ఉంచాలండీ. అది లేకపోతే ప్రయోగమే లేదు."

దాలినాయుడు ఆయన్ని జాలిగా చూశాడు. "ఓహో. అయితే క్లాస్ ఫోర్ వాళ్ళని ముప్పై ఏళ్ళ నుంచి ఏటీ ఎయ్యకుండా ఉంచినారు, అది కూడా పోల్చి చూడ్డానికేనాండీ?"

టెంటు కింద చప్పట్లు మోగాయి.

డైరెక్టర్ గారు అత్యవసర సమావేశం పిలిచారు. ఆయన సంస్థకి అధిపతి అయి చాలా ఏళ్ళయింది, కానీ ఏ విషయం మీద ఆయన అభిప్రాయం ఏమిటో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. జీడిపప్పు, బిస్కెట్లు వచ్చాయి. శేషావతారం లేచి నిలబడి నోట్ చదివాడు.

"ఒకటి. పదోన్నతి ఆశించే సిబ్బందికి నూనె ఇవ్వడం ప్రలోభం కిందికి వచ్చును. రెండు. సదరు ప్రలోభానికి లొంగి రెండు లక్షల మంది తమ మూల హోదాను వదులుకున్నారు. మూడు. మూడవ గిన్నెకు పామాయిల్ ఇచ్చి ఎదుగుదలను అడ్డుకోవడం శిక్ష కిందికి వచ్చును. విచారణ లేకుండా శిక్ష వేయరాదు. నాలుగు. మొదటి గిన్నె ఏ నూనే తినలేదు, ఏమీ కాలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. వారి ప్రవర్తన మాత్రమే నిష్కళంకంగా ఉన్నది."

డైరెక్టర్ గారు జీడిపప్పు ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. "మూలకణం గొప్పతనం ఏమిటో తెలుసునా డాక్టరు గారూ? అది ఏదైనా కాగలదు. ఎప్పటి వరకూ? ఏదో ఒకటి అయ్యే వరకూ. అయిందా, అయిపోయింది. నన్ను చూడండి. ముప్పై రెండేళ్ళ సర్వీసులో దేనికీ తొందరపడి అవునని గానీ కాదని గానీ అనలేదు. అందుకే ఇక్కడ కూర్చున్నాను. ఆ మొదటి గిన్నెను చూస్తుంటే నాకు నా యవ్వనం గుర్తొస్తున్నది."

అందరూ తలలూపారు. విచారణ ముగిసే వరకూ మూడు గిన్నెల వారికీ నూనెతో సహా సమస్త పోషకాలూ నిలిపివేయాలనీ, సాక్ష్యాలు తారుమారు కాకుండా ల్యాబుకు సీలు వేయాలనీ తీర్మానించారు.

"మేత మార్చకపోతే చచ్చిపోతాయండీ," అన్నాడు కూర్మనాథం. ఆయన గొంతు అంత పైకి లేవడం ఆ గదిలో అంతకుముందు ఎవరూ వినలేదు.

శేషావతారం పుస్తకం తెరవకుండానే చెప్పాడు. "విచారణలో ఉన్న ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళరాదు. కాబట్టి అటువంటిది జరగదు."

సీలు పడింది. కాసులమ్మ బెంచీ మీంచి లేచి, తలుపు మీద లక్క ముద్రని చేత్తో తడిమి చూసింది. "లోపల ఆటికి తిండెవులు ఎడతారు బాబూ?" అంది. కూర్మనాథం ఆ తలుపు అద్దంలోంచి ఇన్‌క్యుబేటర్ మీద వెలుగుతున్న పచ్చ దీపాన్ని చూస్తూ నిలబడ్డాడు. మధ్యలో రెండో శనివారం, ఆదివారం, ఏదో పండగ సెలవు కలిసొచ్చాయి. విచారణాధికారి అవన్నీ కలుపుకుని తిరుపతి వెళ్ళొచ్చాడు.

సీలు తీసి చూసేసరికి మూడు గిన్నెల్లోని కణాలూ చచ్చిపోయాయి. ఎర్రగా ఉండాల్సిన మేత పులిసి పసుపు పచ్చగా మారి ఉంది. రెండో గిన్నెలో, ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వెళ్ళిన ఆ పోగులన్నీ తెగి పూసలు పూసలుగా పడి ఉన్నాయి. నాలుగేళ్ళ పని. కూర్మనాథం మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. ఆయన ఏడుస్తున్నాడని బయట నుంచే కనిపెట్టింది కాసులమ్మ. లోపలికొచ్చి, ఎవరినీ అడక్కుండా, ఆ గిన్నెలు తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టింది.

"మా ఆయన పోయినప్పుడు కూడా మీరొక్కలే ఏడిసినారు బాబూ," అంది అటు తిరిగి కడుగుతూనే.

సంస్థ తీవ్ర దిగ్భ్రాంతి వ్యక్తం చేసింది. ఆరు లక్షల మంది సిబ్బంది ఒకేసారి విధి నిర్వహణలో అమరులవడం చిన్న విషయం కాదు. సంతాప సభలో రెండు నిమిషాలు మౌనం పాటించారు. దాలినాయుడు టెంటు తీయలేదు గానీ బ్యానరు మార్చాడు. మొదటి గిన్నె ఆశయాలను సాధిస్తామన్నాడు. డైరెక్టర్ గారు మాట్లాడుతూ, దివంగతులు ఏదైనా కాగలిగి ఉండీ ఏదీ కాకుండానే వెళ్ళిపోయారనీ, ఆ లోటు తీరనిదనీ చెప్పి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

శేషావతారం మాత్రం కన్నీళ్ళతో కాలక్షేపం చేసే మనిషి కాదు. వారం తిరక్కుండా కూర్మనాథాన్ని పిలిచాడు.

"డాక్టరు గారూ, మరణంతో విచారణ రద్దయింది. ఇక ఎవరి మీదా ఏ మచ్చా లేదు. సర్వీసులో ఉండగా మరణించారు కాబట్టి కారుణ్య నియామకాలు ఇవ్వవలసి ఉన్నది. దివంగతులకు రక్తసంబంధీకులు ఎవరైనా ఉన్నారా?"

కూర్మనాథానికి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. "ఫ్రీజర్లో ఉన్నాయండీ. అదే సంతతివి. గడ్డకట్టించి దాచిపెట్టాం."

"తోబుట్టువులు! చాలా సంతోషం. కేడర్ బలం ఆరు లక్షలు. అందులో అయిదు శాతం ముప్పై వేలు. ముప్పై వేల పూర్తి ఖాళీలు. వెంటనే పేర్లు పంపండి. రెండో గిన్నె వారు నాడీకణం హోదాలో మరణించారు కాబట్టి వారసులకు నేరుగా అదే హోదా, నాడీకణం గ్రేడ్ త్రీ. క్యాంటీను హక్కు కింద చేప నూనె కూడా వర్తించును. రేపే ఉత్తర్వులు. ఇటువంటి విషయాల్లో ఆలస్యం అమానుషం."

"ఆలస్యం అమానుషం," అన్నాడు కూర్మనాథం కూడా. ఆ మాట ఆయన నోట్లోనే తిరిగింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఇన్నేళ్ళుగా భుజాల్లోనే ఉన్న మెడ మొదటిసారి బయటికొచ్చింది. వెనక్కి వచ్చి కుర్చీ లాక్కుని, ఎవరూ చెప్పకుండానే కూర్చున్నాడు.

"ఒక కేడర్లో ఖాళీ లేకపోతే అదే స్కేలు ఉన్న ఇంకో కేడర్లో సర్దుబాటు చేయవచ్చని నిబంధన ఉంది కదండీ?"

"ఉన్నది. పదకొండో అధ్యాయం."

"కణాలదీ అటెండర్లదీ ఒకే స్కేలు."

"అవును. నేనే ఇచ్చాను."

"గ్రేడ్ త్రీ నాడీకణానికి కనీసార్హత ఏమిటండీ?"

శేషావతారం తను రాసిన నియమావళే తీసి గర్వంగా చదివాడు. "అభ్యర్థి సజీవంగా ఉండవలెను. కనీసం ఒక కణము కలిగి ఉండవలెను."

"ఒకటి కన్నా ఎక్కువ ఉంటే?"

"అదనపు అర్హత అనర్హత కాదు. అది సుప్రసిద్ధ సూత్రం."

"అయితే నేను ముప్పై వేలకి ఒకటి తక్కువ కణాలని పంపిస్తానండీ. ఆ ఒక్క ఖాళీకి కాసులమ్మ గారి పేరు పంపిస్తాను. ఆవిడ సజీవంగా ఉన్నారు. కణాలు కోట్లలో ఉంటాయి, కావాలంటే నేను ధ్రువీకరిస్తాను."

శేషావతారం చాలాసేపు పుస్తకం తిప్పాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. అక్కడెక్కడా 'వద్దు' అని లేదు. కాదనడానికి నిబంధన దొరకనప్పుడు ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోతుందని ఆ రోజే తెలిసింది. "మనిషిగా అయితే కుదరదు," అన్నాడు చివరికి, నెమ్మదిగా. "కణంగా అయితే అభ్యంతరం కనిపించడం లేదు."

ఉత్తర్వు మర్నాడే వచ్చింది. కూర్మనాథమే బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి, పక్కన కూర్చుని చదివి వినిపించాడు. రెండో గిన్నె, కణం నంబరు ముప్పై వేలు, నాడీకణం గ్రేడ్ త్రీగా నియమింపబడినది. షరతులు. శరీర ఉష్ణోగ్రత ముప్పై ఏడు డిగ్రీలు ఉండవలెను.

"అదేటి బాబూ?"

"నీకు జ్వరం లేనప్పుడు ఉండేదేనమ్మా అది. మనిషి ఒంటి వేడి అంతే."

అనుమతి లేకుండా రెండుగా విడిపోరాదు. గిన్నె అడుగును అంటిపెట్టుకుని ఉండవలెను. పక్క కణంతో నేరుగా మాట్లాడరాదు.

కాసులమ్మ అన్నిటికీ తలూపింది. తర్వాత కాగితం తన చేతిలోకి తీసుకుని, వేలితో వరసలన్నీ తడుముకుంటూ వెళ్ళింది. "ఇందల నా పేరేదీ?"

"కణాలకి పేరు రాసే చోటు లేదమ్మా. నంబరే."

"పోనీ మా ఎర్రన్న పేరు?"

"లేదమ్మా."

ఆవిడ కాగితం మడిచి రొంటిన దోపుకుంది. "మనిసిగా మూడేళ్ళు తిరిగినాను బాబూ, ఇయ్యలేదు. కణాన్ని అయితే వారంలో ఇచ్చీసినారు. ముందే సెప్పుంటే ఆ పొద్దే అయిపోదును గదా." నవ్వుదామనుకుంది, కుదరలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, లోపలికెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

ఇరవై ఏళ్ళు ఎర్రన్న చేసిన పనే. చేతికి త్వరగానే వచ్చింది. ఫ్రీజర్లోంచి తీసిన తోబుట్టువులు వెచ్చటి పెట్టెలో కళ్ళు తెరిచాయి. కూర్మనాథం మళ్ళీ మూడు గిన్నెలు పెట్టాడు. చేప నూనె గిన్నెలో పోగులు మళ్ళీ బయల్దేరాయి. ఒక పోగు ఇంకోదాన్ని ముట్టుకున్న పూట కాసులమ్మని పిలిచి చూపించాడు. ఆవిడ ఒక కన్ను మూసుకుని చూసి, "ఇయ్యా మాయోళ్ళు?" అంది. ఆడపిల్లలిద్దరూ బడి మానలేదు. సంస్థ వార్షిక నివేదికలో, చిరకాలం ఏమీ కాకుండా నిరీక్షించిన ఒక కణం పూర్తిస్థాయి నాడీకణంగా మారి విధుల్లో చేరిన అరుదైన సంఘటనకు ఒక పేజీ కేటాయించారు. పక్కన డైరెక్టర్ గారి ఫోటో వేశారు.

ఆ పేజీ అచ్చయిన వారానికి, కూర్మనాథం ఉదయం వచ్చేసరికి ల్యాబ్ బయట బెంచీ నిండిపోయి ఉంది. చోటు చాలక కొందరు గోడ వారగా నిలబడ్డారు. గార్డెన్లో పాము కరిచి పోయిన తోటమాలి కొడుకు, పంపు హౌసులో షాక్ కొట్టి పోయినవాడి భార్య, వాచ్‌మన్ తల్లి, ఇంకా ఆయన గుర్తుపట్టనివాళ్ళు. అందరి చేతుల్లో ప్లాస్టిక్ సంచులు, సంచుల్లో ఏళ్ళ తరబడి మడతలు పడిన అర్జీలు. కాసులమ్మ వాళ్ళకి బిందెలోంచి మంచినీళ్ళు అందిస్తోంది, పక్క కణంతో నేరుగా మాట్లాడరాదన్న షరతు మర్చిపోయి.

"మీరంతా ఎవరు?" అని అడిగాడు కూర్మనాథం.

వాళ్ళు గబగబా లేచి నిలబడ్డారు. ముందున్న ముసలావిడ చేతులు జోడించింది.

"కణాలమండి బాబూ," అంది.